మా వదిన సెంటు

నా ఉద్యోగానికి మొదటి షరతు, నా దగ్గర ఏ వాసనా రాకూడదు. పూలు పెట్టుకోకూడదు, పౌడరు రాసుకోకూడదు, తలకి నూనె కూడా సెలవు రోజునే. భీమవరం అవతల రొయ్యల ప్లాంటులో క్వాలిటీ వాళ్ళం మేము. రైతుల చెరువుల నుంచి వచ్చిన శాంపిల్ రొయ్యల్ని ఉప్పు కూడా వెయ్యకుండా ఉడకబెట్టి, గిన్నె మూత తీసి, ఆవిరి పీల్చి, మట్టి వాసన ఉందో లేదో చెప్పాలి. ఉందంటే ఆ చెరువు సరుకు కొనరు. ఎమ్మెస్సీ చదివి రొయ్యల్ని వాసన చూస్తోందని మా అమ్మ బంగారమ్మగారు చుట్టాలందరి దగ్గరా మొత్తుకుంటుంది. "దాని కోపమూ ముక్కు మీదే, జీతమూ ముక్కు మీదే" అని తనే నవ్వుకుంటుంది. నాకైతే ఆ జోకుకి ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

అలాంటి నా ఇంటికి మాఘమాసంలో మా ఫణీంద్ర అన్నయ్యని పెళ్ళి చేసుకుని, మంజుష వదిన ఒక సెంటు సీసాతో వచ్చింది.

లేతాకుపచ్చ గాజు సీసా, అరచేతిలో పట్టేంత. మొదటి రోజు ఆమె నా పక్క నుంచి వెళ్తే, అలవాటు ఊరుకోదు కదా, విడదీసి చూడబోయాను. ముందు ఆకు. గోరింటాకు దూసినప్పుడు చేతికి అంటుకునే పచ్చివాసన. అది వెళ్ళీ వెళ్ళకముందే పువ్వు. ఏ పువ్వో చెప్పలేకపోయాను, అక్కడే నాకు ఒళ్ళు మండింది. మల్లె కాదు, సంపెంగ కాదు, విరజాజి అసలే కాదు. ఇంకా విచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న మొగ్గ ఏదో. తీపన్నది మచ్చుకి కూడా లేదు. సరిగ్గా పట్టుకుందాం అనుకునేసరికి వాసనా లేదు, వదినా లేదు, పెరట్లో ఎవరితోనో నవ్వుతోంది.

ఆవిడా అంతే. ఒక చోట నిలబడితే ఒట్టు. అన్నం కంచం పట్టుకుని గుమ్మానికీ నూతికీ మధ్య తిరుగుతూ తినేది. బట్టలు సగం ఆరేసి, చెరువు మీదికొచ్చిన కొంగల్ని చూడ్డానికి పరిగెత్తేది. మిగతా సగం నేను ఆరేసేదాన్ని. పట్టుచీర కట్టుకుని స్కూటీ మీద పాలకేంద్రానికి పోయేది. అమ్మ విసుక్కునేది, నేను విసుక్కునేదాన్ని, ఆవిడ లేకపోతే ఇద్దరం వీధి వైపు చూసేవాళ్ళం.

"కొత్తకోడలన్నాక తల్లో మల్లెపూలు పెట్టుకోవాలి గానీ, ఈ గడ్డి కోసిన వాసనేంటమ్మా?" అంది అమ్మ ఒకరోజు.

"మల్లెపూలు నాకు తలనొప్పండి అత్తయ్యగారూ. మా సామర్లకోటలో చక్కెర ఫ్యాక్టరీ ఆడుతుంటే ఊరంతా పాకం వాసనేనండి. పుట్టిన దగ్గర్నుంచీ తీపి పీల్చీ పీల్చీ మొహం మొత్తేసిందండి. ఇదైతే ఇలా వచ్చి అలా వెళ్ళిపోద్దండి."

మరి కొన్నాళ్ళకి ఆ వాసన మా అన్నయ్య దగ్గర వచ్చింది. జీవితమంతా రొయ్యల మేతా డీజిలూ వాసన కొట్టిన మనిషి, మడత నలగని చొక్కా వేసుకుని భోజనానికి కూర్చున్నాడు. అమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది.

"మగాడివి, పూల వాసనేంట్రా?"

అన్నయ్య పప్పులోకి చూస్తూ, "అది ఇద్దరూ కొట్టుకోవచ్చటమ్మా. సీసా మీదే రాసుంది" అన్నాడు.

"అదేం సెంటురా, ఆడో మగో తేల్చుకోలేనిది!"

వదిన గుమ్మంలోంచి పకపకా నవ్వింది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. నాన్నగారు పోయాక మా అన్నయ్య అలా సిగ్గుపడ్డం నేను చూడలేదు. నాకు సంతోషమూ వేసింది, అసూయా వేసింది. ఇంట్లో ఇద్దరు ఒకే వాసనతో తిరుగుతుంటే, నేను మాత్రం ఉతికిన గుడ్డలా ఏ వాసనా లేకుండా బస్సెక్కాలి.

ఏప్రిల్ చివర్లో కాలువలు కట్టేశారు. ప్రతి వేసవిలోనూ గట్లు బాగుచెయ్యడానికి కడతారు, మళ్ళీ జూన్ దాకా గోదావరి నీళ్ళు రావు. ఆ వారంలోనే ఒకరోజు ప్లాంటు బస్సు తప్పిపోతే వదిన నన్ను స్కూటీ మీద దింపింది. ఆవిడ నడిపే తీరుకి నడుం పట్టుకోకుండా కూర్చోవడం ఎవరి వల్లా కాదు. లాబ్ గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, మా పెద్దాయన రమేష్ బాబుగారు ముక్కు ఎగబీల్చారు.

"సత్యగారూ, ఇవాళ మీరు బయటే ఉండండి. పక్కవాళ్ళ ముక్కులు కూడా పాడైపోతాయి."

రోజంతా రికార్డు గదిలో ఫ్రీజర్ టెంపరేచర్లు ఎక్కించాను. సాయంత్రం ఇంటికొచ్చి వదిన మీద విరుచుకుపడ్డాను.

"మీ సెంటు మీ ఒంటి మీదే ఉంచుకోండి వదినా! నా పరువు తీసేశారు ఇవాళ."

ఆవిడ నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. నొచ్చుకోలేదు. మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుంటూ, "అంటే కాస్త తగిలినా బయటికి పంపేస్తారాండి?" అంది.

"పంపేస్తారు."

"ఆ రోజుకి మీ మాట లెక్కలోకి రాదా?"

"లోపలే లేనిదాన్ని, నా మాట ఎలా వస్తుంది?"

"భలే ఉందే" అని, ముక్క నోట్లో వేసుకుని, పిల్లి ఏదో పిల్లల్ని పెట్టిందని చూడ్డానికి వెళ్ళిపోయింది.

మే నెలకి మా చెరువు రంగు మారింది. ఒకప్పుడు నాన్నగారు వరి వేసిన చేను అది. అన్నయ్య తవ్వించాడు. కాలువ నీళ్ళు లేవు, ఉన్న ఒక్క బోరులో ఉప్పునీళ్ళు. ఎండకి నీరు ఇగిరి, చిక్కబడి, గాలివాటు మూలలో నాచు మీగడ కట్టింది. చలికాలం వేసిన పంట అప్పటికే తెల్లమచ్చ తెగులొచ్చి పోయింది, ఊళ్ళో కాకులన్నిటికీ మా చెరువు గట్టు మీదే విందు. ఈ పంట పట్టుబడి కూడా పోతే చెరువు లీజుకి ఇచ్చేసి, అన్నయ్యని ఎవరి రొయ్యపిల్లల హేచరీలోనైనా సూపర్‌వైజరుగా చేరమంది అమ్మ. ఎవరి కిందా పనిచెయ్యని మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పొద్దున్నే లేచి గట్టు మీద నడిచేవాడు. ఆ చివరికీ ఈ చివరికీ నడవడమే, ఎందుకు నడుస్తున్నాడో అడిగితే నీళ్ళలో గాలి చిలికే ఏరియేటర్లు చూస్తున్నానని చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం వలేసి కాసిని రొయ్యలు తెచ్చాడు. అమ్మ అల్లం వెల్లుల్లి దంచి, మసాలా దట్టించి వేపుడు చేసింది. వీధిలోవాళ్ళకి కూడా నోరూరి ఉంటుంది. కానీ అంతకుముందు అమ్మ ఆ రొయ్యల్ని పసుపు నీళ్ళలో ఒక పొంగు రానిచ్చినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. గిన్నె మూత తీసింది. ఆవిరి వచ్చింది. చాలు, నాకు తెలిసిపోయింది. పాత కుండలో నిలవున్న నీళ్ళలాంటి మట్టి వాసన, గట్టిగా ఉంది.

"నాకు కడుపులో బాలేదమ్మా, పెరుగన్నం తింటాను" అన్నాను.

వదిన కూడా, "నాకూ పెరుగన్నమేనండి అత్తయ్యగారూ" అంది. నేను తలెత్తి చూశాను. ఆవిడ నా వైపే చూస్తోంది. ఇద్దరం పెరుగన్నం తిన్నాం. అన్నయ్య ఒక్కడే వేపుడంతా తిని, బావుందని రెండుసార్లు అన్నాడు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సత్యా, ఎల్లుండి మన శాంపిల్ మీ ప్లాంటుకి వస్తోంది."

"ఊఁ."

"మీరు ముగ్గురే కదా చూసేది."

"అవును."

"మరి చూసుకో అమ్మా."

మా అన్నయ్య నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. నా చదువు కోసం తనే ముందు నిలబడి అమ్మతో పోట్లాడాడు. అందుకే ఆ మాటకి నాకు ఏడుపు రావలసింది పోయి కోపం వచ్చింది.

"చూసుకో అంటే ఏంటన్నయ్యా? ముక్కు మూసుకోమంటారా?"

"నేనేమన్నాను ఇప్పుడు? చూసుకోమన్నాను."

లోపల్నుంచి అమ్మ, "ఇంటివాడి కోసం ఒక్కసారి సర్దుకుంటే నీ ముక్కేం అరిగిపోదులే" అంది.

ఎటు చూసినా దారి లేదు నాకు. వాసన ఉందని చెప్తే అన్నయ్య చెరువుని నా నోటితో నేనే ముంచినట్టు. లేదని చెప్తే, రమేష్ బాబుగారు ముందు నన్నే అడుగుతారు, నా మాట విన్నాక మిగతా ఇద్దరూ తమ ముక్కుల్ని నమ్మరు. ఆ సరుకు మంచి సరుకులో కలిసి సముద్రం దాటుతుంది, దాటాక బయటపడితే అందరి సరుకూ తిరిగొస్తుంది, మా ప్లాంటుని నమ్ముకున్న రైతులందరి నోట్లోనూ మట్టే. పోనీ, ఇది మా చెరువండీ, నేను బయట ఉంటానని నేనే అంటేనో? ఎందుకు తప్పుకున్నావని అన్నయ్య అడుగుతాడు. వాసన ఉందని తెలిసే తప్పుకున్నావు కదా అంటాడు. ఆ రెండు రోజులూ నేను కూడా అన్నయ్యలాగే ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగాను. కుదురుగా ఉండమని అమ్మ కసిరితే, నీ కోడలికి చెప్పు ముందు అని నేను కసిరాను.

ఆ రోజు పొద్దున్న ఏ వాసనా లేని సబ్బుతో స్నానం చేసి, ఉతికిన చుడీదారు వేసుకుని బయల్దేరాను. ప్లాంటు బస్సు వీధి చివర హారన్ కొడుతోంది. వదిన టిఫిన్ బాక్సు పట్టుకుని వెనకాలే వచ్చింది.

"సత్యగారూ, ఒక్క నిమిషమండి."

తిరిగాను. ఆవిడ రెండో చెయ్యి వెనక నుంచి ముందుకొచ్చింది. మెడ మీద, చున్నీ మీద, జుట్టులో, మణికట్ల మీద, బుస్సు బుస్సుమని కొట్టేసింది. తోటమాలి కూడా మొక్కకి అన్ని నీళ్ళు చల్లడు.

"వదినా! పిచ్చా మీకు? ఇవాళ మన శాంపిల్ వచ్చే రోజు!"

"అయ్యో, ఇవాళేనాండి?" అంది. నోరు అయ్యో అంది గానీ, కళ్ళు అనలేదు. ఎప్పుడూ అటూ ఇటూ తిరిగే ఆ కళ్ళు ఆ ఒక్క నిమిషం నా మీద నిలబడ్డాయి. తర్వాత బాక్సు నా చేతిలో పెట్టి, "వెళ్ళండి, బస్సు పోతది" అంది.

బస్సులో రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళంతా నన్ను చూసి ఒకటే నవ్వు. "ఏంటమ్మా, పెళ్ళిచూపులా?" అంది రత్తమ్మ. రమేష్ బాబుగారు నవ్వలేదు. గుమ్మం దాటనివ్వకుండానే రికార్డు గది వైపు చెయ్యి చూపించారు. నేను వెళ్ళి కూర్చున్నాను. మూసిన ఆ చిన్న గదిలో ఆకు వాసన వచ్చి, పువ్వు వాసన వచ్చి, రెండూ చుట్టూ తిరుగుతున్నాయి. సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. రెండు రోజుల తర్వాత నిండా ఊపిరి పీల్చుకున్నాను, వదిన పెట్టిన చద్దిపులిహోర మొత్తం తిన్నాను.

మధ్యాహ్నం రమేష్ బాబుగారు తలుపు దగ్గరికి వచ్చి, "మీ ఊరి వైపు చెరువొకటి పోయిందండి, సత్యగారూ. నాచు వల్ల మట్టి వాసన బాగా పట్టేసింది. కాలువ నీళ్ళొచ్చాక మార్చుకుని మళ్ళీ తెమ్మన్నాం" అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వస్తుంటే అతని మొహం మారింది. వాసన ఇంకా నా ఒంటి మీద ఉంది మరి.

"నువ్వు లోపల లేవా?"

"లేను."

"ఎందుకు లేవు?"

నేను నోరు తెరిచేలోగానే వంటింట్లోంచి వదిన వచ్చింది. "నేనే కొట్టానండి. సరదాకి. రూలు మర్చిపోయాను."

"సరదాకి!" అన్నాడు అన్నయ్య. మా అన్నయ్య గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "నా చెరువు పోయింది. నీకు సరదా. ఆ సీసా మళ్ళీ నా కంట పడిందంటే బాగోదు."

"ఆడో మగో తేలని సెంటు, ఇంటిల్లిపాదినీ ముంచింది" అని అమ్మ అందుకుంది.

నేను అక్కడే ఉన్నాను. చెప్పులు కూడా విప్పలేదు. అన్నయ్య గట్టు మీదికి వెళ్ళిపోయాక, పెరట్లో అంట్లు తోముతున్న వదిన దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకు చేశారు?"

"చెప్పానుగా. మర్చిపోయాను."

"వదినా!"

ఆవిడ గిన్నె బోర్లించింది. "నేను కొట్టకపోతే లోపల మీరేం చెప్పేవారండి?"

నేను వంగి, ఆవిడ తోమిన చెంబు కడగడం మొదలుపెట్టాను.

"చూశారా, మీకే తెలీదు. ఆ వేపుడు రోజు నాకూ వచ్చింది వాసన. చక్కెర ఫ్యాక్టరీ గాలి పీల్చిన ముక్కండి ఇది, దేన్నీ వదలదు." ఇంకో గిన్నె అందుకుంది. "ఆయన కోపం నా మీదైతే పది రోజులుంటది. మీ మీదైతేనో? మీ నాన్నగారూ మీ మేనత్తగారూ గట్టు తగాదా వల్ల చనిపోయేదాకా మాటాడుకోలేదంట కదా, అత్తయ్యగారు చెప్పారు. నాకు భయమేసింది. మీరు మాత్రం ఆయనకి చెప్పకండి."

కొంగుకి చెయ్యి తుడుచుకుని ఆ సీసా నాకిచ్చింది. "మీ బీరువాలో పెట్టండి. నా దగ్గరుంటే కొట్టుకోకుండా ఉండలేను."

పది రోజులన్న కోపం నెల దాటింది. అన్నయ్య వదినతో మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలన్నా అమ్మనే అడిగేవాడు. వదిన కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టింది. బట్టలన్నీ ఒక్క విడతలో ఆరేసేది. అమ్మ మాల కట్టి ఇస్తే మల్లెపూలు పెట్టుకుని, మాత్ర వేసుకుని పడుకునేది. ఇప్పటికి కోడలికి బుద్ధి వచ్చిందని అమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం ఇల్లు ఎవరో ఖాళీ చేసి వెళ్ళినట్టుండేది. పువ్వు పేరు తెలియలేదని నేను విసుక్కున్న ఆ వాసన కోసం, బీరువా తలుపు తీసి ఊరికే నిలబడేదాన్ని.

చెరువు సంగతి ఇంకో రకం. రోజూ కరెంటు పోవడం, జనరేటరు వెయ్యడం, కాకుల్ని తోలడం. నీళ్ళు వచ్చేలోపల తెల్లమచ్చ వస్తే అంతే సంగతులు. అన్నయ్య రోజూ పొద్దున్నే గుప్పెడు రొయ్యల్ని తీసి ఎండకి ఎత్తి పట్టుకుని పెంకు మీద మచ్చల కోసం వెతికేవాడు. జూన్‌లో కాలువ వదిలారు. మొదటి నీళ్ళు చెత్తా చెదారం మోసుకుంటూ ఎర్రగా వచ్చాయి, తర్వాత తేటపడ్డాయి. ఇంజన్లు పెట్టి పాతనీళ్ళు తోడేసి కొత్తనీళ్ళు నింపుతూ అన్నయ్య గట్టు మీదే తిండీ నిద్రా.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు ఆ నెల అత్తగారింట్లో ఉండకూడదు కదా, వదినని తీసుకెళ్ళడానికి సామర్లకోట నుంచి వాళ్ళ నాన్నగారు కారులో వచ్చారు. అమ్మ చీరా పసుపు కుంకుమా పెట్టింది. అన్నయ్య గట్టు మీద నుంచి రాలేదు, ఇంజను వదిలి రాకూడదని కబురు పంపాడు. వాళ్ళ నాన్నగారు చెరువు వైపు ఒకసారి చూసి కారెక్కారు.

"నెలే కదా వదినా" అన్నాను కారు అద్దం దగ్గర.

"నెలేనండి" అంది. తర్వాత మెల్లగా, "పిలిచేవాళ్ళుంటే నెలేనండి" అంది. సంచి ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఈ మనిషి మళ్ళీ ఈ గుమ్మంలోకి రాకపోతే అది నా వల్లే అవుతుంది.

కారు మలుపు తిరిగిందో లేదో నేను గట్టు మీదికి నడిచాను. చెప్పొద్దని ఆవిడ అంటే మాత్రం! చెప్పొద్దన్న మాటలన్నీ వినే రకాన్నా నేను?

అన్నయ్య షెడ్డు దగ్గర ఇంజనులో డీజిలు పోస్తున్నాడు.

"అన్నయ్యా, ఆ రోజు నేను లోపలున్నా మన చెరువు పోయేదే."

అతను డీజిలు పోస్తూనే ఉన్నాడు.

"వాసన ఉంది. వేపుడు తిన్న రోజే నాకు తెలుసు. వదినకీ తెలుసు. మీకూ నాకూ మధ్య చెడకూడదని ఆవిడ సెంటు కొట్టి నన్ను బయటికి పంపింది. మీరు నాతో మాట్లాడకపోయినా సరే, ఆవిడతో మాత్రం మాట్లాడండి."

డీజిలు క్యాను కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. ఇంజను చప్పుడులో నా మాట వినిపించిందో లేదో అనుకున్నాను.

"ఈ గట్టు మీదే కదమ్మా నేను పడుకునేది" అన్నాడు చివరికి. "నాకు తెలీదా వాసన?"

"తెలిసే అడిగారా నన్ను?"

"తెలిసే అడిగాను."

ఇంకేదైనా అంటాడేమో అని చూశాను. షెడ్డులోకి వెళ్ళి, స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, గుప్పెడు రొయ్యలు వేసి మూత పెట్టాడు. ఉప్పు వెయ్యలేదు. పొంగు వచ్చాక గిన్నె తెచ్చి నా ముందు పెట్టి మూత తీశాడు.

"ఇప్పుడు చూడు."

చూశాను. "ఇంకా ఉంది. కొంచెం."

"ఎన్నాళ్ళు ఆగాలంటావు?"

"ఇంకో వారం నీళ్ళు మార్చండి."

"సరే" అన్నాడు. ఆ వారమంతా రోజూ సాయంత్రం ఒక గిన్నె ఉడికేది. రోజూ నేను వెళ్ళి చూసేదాన్ని. వదిన మాట మళ్ళీ నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. అదే నాకు గుబులుగా ఉండేది. ఫోను చేశారా అని నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని.

రెండోసారి శాంపిల్ వచ్చిన రోజు నేను లాబ్ గుమ్మంలోనే ఆగాను.

"రమేష్ బాబుగారూ, ఇవాళ వచ్చేదాంట్లో మా అన్నయ్య చెరువు ఉందండి. పోయినసారి వాసన వచ్చింది కూడా మాదేనండి. మీ ఇద్దరూ చూడండి, నేను బయట ఉంటాను."

ఆయన నా వైపు కాసేపు చూశారు. "మే నెలలో ఆ సెంటు..." అని, ఏదో అర్థమైనట్టు ఆగిపోయి, "వెళ్ళండి" అన్నారు.

మళ్ళీ అదే రికార్డు గది. ఈసారి ఏ వాసనా లేదు. ఏదో ఫైలు తీసి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి రమేష్ బాబుగారు వచ్చి, "వాసన లేదండి. ఇద్దరం చూశాం. శుభ్రంగా ఉంది" అన్నారు. ఫోను తీసి అన్నయ్యకి చేద్దాం అనుకునేలోగా గేటు నుంచి ఏసుపాదం చేశాడు. మా సెక్యూరిటీ.

"మేడం, మీ అన్నయ్యగారు వచ్చారండి. లోపలికి పంపలేనండి, ఏమనుకోకండి."

"ఏం?"

"సెంటు కొట్టుకొచ్చారండి. మామూలుగా కాదండి, బాగా కొట్టారండి."

పరిగెత్తాను. గేటు బయట అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బైకు పక్కన నిలబడ్డాడు. ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగానే నాకు తగిలింది. ముందు ఆకు, తర్వాత ఆ పేరు తెలియని పువ్వు. నా బీరువా తాళం ఎక్కడ పెడతానో ఇంట్లో అందరికీ తెలుసు.

"ఎంత కొట్టుకున్నారన్నయ్యా?"

"ఎంత కొట్టాలో తెలీలేదు" అన్నాడు. "ఏమైంది?"

"వాసన లేదన్నారు."

"మళ్ళీ చెప్పు."

"వాసన లేదు. శుభ్రంగా ఉందట."

ఆ మాట వింటూ అతను నా ముందు పూలబండిలా గుబాళిస్తూ నిలబడ్డాడు. మొహం పక్కకి తిప్పుకుని చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఏసుపాదం ఆకాశం వైపు చూశాడు.

"ఎక్కడికి బయల్దేరారు?"

"సామర్లకోట. మధ్యాహ్నం రైలుకి."

"ఆషాఢమన్నయ్యా! అత్తారింటి గడప తొక్కితే అమ్మ మిమ్మల్ని బతకనివ్వదు."

"గడపెవరు తొక్కుతారు? స్టేషన్లో ఉంటానని మెసేజ్ పెట్టాను."

"వస్తానన్నారా?"

"చూసింది. ఏం అనలేదు."

"మరి రాకపోతే?"

"నిలబడతాను" అన్నాడు. "నీకు చెప్పాల్సినది నీకు చెప్పేశాను గట్టు మీద. దానికి చెప్పాల్సింది దానికి చెప్పాలి కదా." బైకు స్టాండు తీశాడు. కాలరు ఒక పక్క లోపలికి మడిచిపోయి ఉంది. నేను దగ్గరికి వెళ్ళి సరిచేశాను. అంత సిగ్గరి మనిషీ నా తల మీద చెయ్యి వేసి, నన్ను ఒక్కసారి దగ్గరికి తీసుకుని వదిలేసి, వెళ్ళిపోయాడు.

గేటు వైపు తిరిగాను. ఏసుపాదం కర్ర అడ్డం పెట్టాడు.

"మేడం, ఇప్పుడు మీరు కూడా లోపలికి వెళ్ళడానికి లేదండి. ఆయ్, మీ దగ్గరా కొడుతోందండి."

"కొట్టనీ" అన్నాను. అతని స్టూలు లాక్కుని చింతచెట్టు నీడలో కూర్చున్నాను. కూర్చున్నానే గానీ కుదురు లేదు. ఫోను తీస్తాను, పెడతాను. రైలు వచ్చే వేళయింది. వెళ్ళిపోయే వేళా దాటింది. ఈపాటికి నిడదవోలు దాటి ఉంటుంది. ఆవిడ రాకపోతే సామర్లకోట ప్లాట్‌ఫారం మీద మా అన్నయ్య అంత వాసనతో ఒక్కడూ నిలబడి ఏం చేస్తాడు?

ఫోను మోగింది. వదిన నుంచి మెసేజ్.

"సత్యగారూ, ఆయన ఏ పెట్టెలో ఎక్కారండి? ఇక్కడ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నాను."

కళ్ళనీళ్ళకి అక్షరాలు సరిగ్గా కనిపించలేదు. ఏ పెట్టో నాకూ తెలీదు. "మీ ముక్కుంది కదా వదినా, వెతుక్కోండి" అని కొట్టి పంపించాను.